గరాజ్ కప్పుకు కన్నం

మా ఆయన చనిపోయిన గరాజ్‌లో ఇప్పుడు గ్యాస్ హీటర్ నడుస్తోంది. దాని పొగ గొట్టం నిటారుగా సీలింగులోంచి, దాని పైనున్న అటిక్‌లోంచి, కప్పులోంచి బయటికి పోతుంది. మామూలుగా అయితే అది ఒక పూట పని. మా ఇంట్లో వసంతంలో మొదలై చలికాలంలో గాని అవలేదు. ఈలోగా ఇంకో మనిషి పోవలసింది. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

మాది అమెరికాలో ఆష్‌బర్న్. ఇక్కడ మనవాళ్ళ గరాజుల్లో సాధారణంగా వేపుళ్ళకోసం రెండో స్టవ్వు, బియ్యం బస్తాలు, ఖాళీ సూట్‌కేసులు ఉంటాయి. మా గరాజ్‌లో చెక్కపని బల్ల ఉంది. ఆఫీసు అయిపోయాక మా ఆయన అక్కడే ఉండేవాడు. తన పక్కనే మడత కుర్చీలో మామయ్యగారు కూర్చునేవారు. మామయ్యగారు ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. ఒహాయోలో ఎన్నో ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యి, అత్తగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. కొడుకు చెక్క చిత్రిక పడుతుంటే తండ్రి పేపరు చదివేవారు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. చలి మొదలైతే మాత్రం గరాజ్‌లో నిలవలేక ఇంట్లోకి వచ్చి ఎవరి గదిలో వాళ్ళు ఉండేవాళ్ళు. హీటర్ కొన్నది అందుకే.

గ్యాస్ లైను లైసెన్సు ఉన్న ప్లంబరే వేశాడు. హీటర్‌ని సీలింగుకు వేలాడదీయడమూ అయింది. మిగిలింది పొగ గొట్టం. దానికి కావలసిన రెండు పొరల రేకు పైపు ముక్కలు అట్టపెట్టెల్లో గోడకు ఆనించి ఉన్నాయి. ఏప్రిల్‌లో ఒక శనివారం ఉదయం మా ఆయన నిచ్చెన ఎక్కి, సీలింగు నుంచి దారానికి కట్టిన తూకపు గుండు వదిలి, అది హీటర్ నోటికి సూటిగా వచ్చేదాకా జరిపి, సీలింగు మీద పెన్సిల్‌తో ఒక గుండ్రం గీశాడు. మామయ్యగారు కింద నిచ్చెన పట్టుకున్నారు. తను దిగి, ఎలాగో ఉంది నాన్నా అని, ఆ మడత కుర్చీలోనే కూర్చున్నాడు. అంబులెన్స్ వచ్చేదాకా కొడుకు ఛాతీ మీద చేతులు వేసి నొక్కుతూ ఉన్నది మామయ్యగారే. ఆ ఉదయం గురించి ఇంతకు మించి రాయను.

మాకు పిల్లలు లేరు. కర్మ బావగారు చేశారు. బావగారంటే మా ఆయన అన్నగారు. కారులో పది నిమిషాల దూరంలో ఉంటారు. డేటా సెంటర్లలో కూలింగ్ చూసే ఇంజనీరు. వేడిగాలిని ఎటు పంపాలి, చల్లగాలిని ఎటు తేవాలి అన్నదే ఆయన ఉద్యోగం. కర్మ చేసినందుకు మా ఇంటి మీద కూడా తనకు అధికారం వచ్చిందని ఆయన అనుకున్నారు. రెండు రోజులు హైదరాబాద్‌కి ఫోన్లు నడిచాయి. ప్రాణం పోయిన నక్షత్రం ఇండియా టైము ప్రకారం చూడాలా, ఇక్కడి టైము ప్రకారమా అని. చంద్రుడు ఒక్కడే కదా అని నాకు నోటిదాకా వచ్చింది, అనలేదు. చివరికి ధనిష్ఠా పంచకం అని తేల్చారు. ఆ నక్షత్రాల్లో పోతే మంచిది కాదట, ఇంట్లో ఇంకొకరిని తీసుకుపోతుందట. ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలన్నారు. ఇల్లు మూసి నేనెక్కడికి పోవాలని అడిగితే, పోనీ ప్రాణం పోయిన గది మూస్తే చాలని పురోహితుడు సడలించాడు. గది అంటే గరాజ్.

మూసిన గుమ్మానికి ముళ్ళకంప అడ్డం పెట్టాలి. ఆష్‌బర్న్‌లో ముళ్ళకంప ఎక్కడ దొరుకుతుంది. బావగారు మా వీధి మొదట్లో హెచ్‌ఓఏ వాళ్ళు, అంటే కాలనీ సంఘం వాళ్ళు, అందంకోసం పెంచిన ఎర్రాకుల ముళ్ళపొద నుంచి రెండు కొమ్మలు కత్తిరించి తెచ్చి, వంటింట్లోంచి గరాజ్‌లోకి పోయే తలుపుకు టేపుతో అంటించారు. నేను చూస్తూ ఊరుకున్నాను. అప్పుడు నాలో మాట్లాడే ఓపిక లేదు.

మర్నాడు పొద్దున మామయ్యగారు ఆ కొమ్మలు పీకి చెత్తబుట్టలో వేశారు. వేలికి ముల్లు గుచ్చుకుంటే కుళాయి కింద కడుక్కుని, తలుపు తీసుకుని వెళ్ళి, తన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి రోజూ అంతే. పొద్దున కాఫీ తాగి వెళితే చీకటి పడేటప్పుడు వచ్చేవారు. పేపరు తీసుకువెళ్ళేవారు గాని చదివేవారు కాదు. మధ్యాహ్నం భోజనం పళ్ళెం నేనే తీసుకువెళ్ళేదాన్ని. సీలింగు మీద పెన్సిల్ గుండ్రం అలాగే ఉంది. ఆయన దాని వైపు చూడడం నేను ఎన్నడూ గమనించలేదు. గరాజ్ పెద్ద తలుపు ఎత్తి ఉంచుకుని ఆయన చూసేది వీధి.

ఎండాకాలం ఎలాగో గడిచింది. నవంబరు వచ్చేసరికి కోటు మీద శాలువా, మంకీ క్యాపు, చేతులకు గ్లవ్స్ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఎనభై దాటిన మనిషి. పళ్ళెం అందించేటప్పుడు వేళ్ళు నీలంగా కనిపించేవి. లోపల కిటికీ పక్కన కుర్చీ వేస్తానన్నాను.

"అక్కడేముంది?" అన్నారు.

ఆ మనిషిని అక్కడి నుంచి లేపలేనని నాకు అర్థమైంది. లేపలేనప్పుడు ఆ చోటును మనిషి బతికేలా చెయ్యాలి. ఆ చలికాలం నాకు ఇంకో పని లేదు.

హీటర్‌తో వచ్చిన పుస్తకం బల్ల సొరుగులో ఉంది. తీసి చదివాను. నేను లైబ్రరీలో పనిచేస్తాను, చదవడం నాకు అలవాటు. ఆ ఏడాది నేను చదివినవాటిలో నాకు నచ్చినది అదొక్కటే. మా ఆయన పోయాక వచ్చిన సందేశాల్లో ఒక్కరూ చనిపోయాడని రాయలేదు. దివికేగారు, శివైక్యం చెందారు, ఒక తార రాలింది, ఒక శకం ముగిసింది. తను బ్యాంకులో డేటాబేస్‌లు చూసే మనిషి, శకం ఏమిటి. హీటర్ పుస్తకం మాత్రం చెప్పాల్సింది చెప్పింది. ఇలా చెయ్యవద్దు, చేస్తే మరణం సంభవించవచ్చు అని పేజీకోసారి రాసి ఉంది. గొట్టం నిటారుగా కప్పులోంచి తీస్తే రెండు పొరల పైపు వాడాలి. గోడలోంచి అడ్డంగా తీస్తే ఆ పైపు పనికిరాదు. అడ్డంగా పోయే పొగను ఫ్యాను నెట్టాలి, ఆ ఒత్తిడికి రెండు పొరల పైపు అతుకుల్లోంచి లోపలికే పొగ కారుతుంది. అందుకు సీలు వేసిన స్టెయిన్‌లెస్ పైపు వేరే ఉంటుంది. మా ఆయన కొన్నవి నిటారుకు పనికొచ్చేవి. గుండ్రం గీసింది సీలింగు మీద.

లైసెన్సు ఉన్న కంపెనీకి ఫోన్ చేస్తే పర్మిట్ తీసుకుని రెండు వారాల్లో వస్తామన్నారు. ఆ సంగతి మామయ్యగారి ద్వారా బావగారికి తెలిసింది. సాయంత్రానికల్లా వచ్చారు.

"కప్పుకు కన్నం పెట్టిస్తావా? ఏటి సూతకంలో?" అన్నారు, బూట్లు విప్పుకుంటూనే.

చలిగా ఉంది, మామయ్యగారు అక్కడే కూర్చుంటున్నారు అని చెప్పాను. దానికి ఆయన చెప్పినదేమిటంటే, పంచకంలో పోయినవాళ్ళను వెనకటికి గుమ్మంలోంచి కాక గోడకు కన్నం పెట్టి బయటికి తీసుకువెళ్ళేవారట, కొన్నిచోట్ల కప్పు పెంకులు తీసేవారట. కప్పు తెరవడమంటే ఇంకొకరికి దారి చూపించడమేనట. సంవత్సరీకాలు అయ్యేదాకా ఆగాలట. అంతదాకా చలి ఆగదు కదా బావగారూ అన్నాను.

"అయితే గోడలోంచి తీద్దాం. సైడ్ వాల్ వెంటింగ్ అందరూ చేస్తున్నదే. మనవాడొకడున్నాడు, ఇళ్ళ కింద బేస్‌మెంట్లలో గదులు కడతాడు. వీకెండ్‌లో అయిపోతుంది."

అడ్డంగా తీస్తే ఈ పైపులు పనికిరావు అని పుస్తకం తెచ్చి పేజీ చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

"నేను ముప్ఫై ఏళ్ళుగా గాలిని తిప్పే పనే చేస్తున్నానమ్మాయ్. నాకు డ్రాఫ్ట్ గురించి నువ్వు చెప్తావా?"

వద్దన్నాను. కంపెనీవాళ్ళు వచ్చేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను. స్పష్టంగా, మామయ్యగారి ముందే చెప్పాను. శనివారం నేను డ్యూటీకి వెళ్ళి వచ్చేసరికి గోడకు కన్నం ఉంది. అట్టపెట్టెలు ఖాళీగా ఉన్నాయి. నిటారుగా పైకి పోవలసిన పైపు హీటర్ దగ్గరే వంగి, సీలింగు కింద అడ్డంగా పాకి, గోడలోకి దూరింది. బేస్‌మెంట్ల మనిషి సామాను సర్దుకుంటున్నాడు. చెడ్డవాడేమీ కాదు. ఈ పైపు ఇలా వెయ్యకూడదు కదా అని అడిగాను.

"అన్న చెప్పిండక్కా, పైన కొయ్యొద్దని. గోడకెల్లి తీసినా ఏం గాదు, నేను ఫుల్ టేప్ ఏసిన," అన్నాడు.

అతను వెళ్ళాక హీటర్ స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, ఇది నడపకూడదని మామయ్యగారికి మళ్ళీ చెప్పాను. ఆయన తల ఊపారు. గోడ మీద కార్బన్ మోనాక్సైడ్ అలారం కొత్తది కొని పెట్టాను. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు, తల బరువెక్కించి నిద్రలోకి దించుతుంది. మా ఇంట్లో ఆ సంగతి నాకంటే బాగా తెలిసిన మనిషి మామయ్యగారు.

మర్నాడు ఆదివారం. నేను కూరగాయలకు వెళ్ళినప్పుడు బావగారు వచ్చారట. పని ఎలా చేశాడో చూద్దామని ప్లగ్గు పెట్టి, హీటర్ వెలిగించి, ఫ్యాను తిరగడం చూసి, నాన్నగారూ వెచ్చగా ఉందా అని అడిగి, గరాజ్ తలుపు దింపి వెళ్ళిపోయారట. నేను తిరిగి వచ్చి కారు డ్రైవ్‌వేలోకి తిప్పుతుండగానే అలారం వినిపించింది. రిమోట్ నొక్కితే తలుపు మెల్లగా లేచింది. తలుపు లేస్తుంటే మొదట ఆయన చెప్పులు కనిపించాయి, తర్వాత శాలువా, తర్వాత మొహం. కళ్ళు తెరిచే ఉన్నాయి. చంకల కింద చేతులు వేసి బయటి గడ్డిలోకి లాగాను. ఎలా లాగానో నాకు గుర్తులేదు. 911కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. ఏడు నెలల కిందట అదే డ్రైవ్‌వేలోకి అలాంటి బండే వచ్చింది.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ప్రమాదం లేదు, ఇంకాస్త ఆలస్యమయ్యుంటే చెప్పలేం అన్నారు. బావగారు, ఆయన భార్య వచ్చారు. ఎమర్జెన్సీ బయటి హాల్లో ఆయన నా పక్కన కూర్చుని, చాలా నెమ్మదిగా, జాలిగా అన్నారు.

"చూశావా అమ్మాయ్. పంచకం. నేను చెప్తూనే ఉన్నాను."

జీవితంలో నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. మా ఆయన పోయిన రోజు కూడా రాలేదు. కీడు వస్తుందని భయపడి, ఆ భయంతో తప్పు పైపు వేయించి, ఆ పైపు కీడు తెస్తే, చూశావా అంటున్న మనిషి. గాలి ఎటు పోతుందో ముప్ఫై ఏళ్ళు జీతం తీసుకుని లెక్కలు కట్టిన మనిషి.

"పంచకం కాదు బావగారూ. మీ పైపు," అన్నాను.

మా తోడికోడలు నా చెయ్యి పట్టుకుని, ఇప్పుడా మాటలెందుకు అంది. చెయ్యి విడిపించుకున్నాను. బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాన్నగారిని మా ఇంటికి తీసుకువెళతాం, ఆ గరాజ్ ఏడాది దాకా తాళం వెయ్యాలి అన్నారు. డిశ్చార్జి అయ్యాక ఏ కారు ఎక్కుతారని నర్సు అడిగితే మామయ్యగారు నా కారు వైపు చూపించారు.

ఇంటికి వచ్చాక వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి చారన్నం కలిపి పెట్టాను. ఆయన నాలుగు ముద్దలు తిన్నాక అడిగాను. మీరు డాక్టరు కదా, తల బరువెక్కుతుంటే మీకు తెలియలేదా అని.

"తెలిసింది," అన్నారు.

"అలారం వినపడలేదా?"

"వినపడింది."

"మరి?"

ఆయన పళ్ళెంలో మెతుకులు వేలితో ఒక పక్కకు చేర్చారు. ఒక రోగి అడిగిన ప్రశ్నకు సరైన జవాబు వెతుకుతున్నట్టు.

"లేవబుద్ధి కాలేదమ్మాయ్."

బావగారి మీద ఉన్న కోపమంతా అప్పుడు ఈయన మీదికి తిరిగింది. ఓదార్చాలని నాకు తోచలేదు. ఓదార్పు మాటలు ఏడు నెలలుగా విని ఉన్నాను, వాటి విలువ నాకు తెలుసు.

"ఆ హీటరు మీ అబ్బాయి మీకోసం కొన్నాడు. మీరు అక్కడ కూర్చుని పేపరు చదవాలని కొన్నాడు. దాన్ని పెట్టుకుని చచ్చిపోవడానికి కాదు. నన్ను ఈ ఇంట్లో ఒక్కదాన్ని చేసి పోదామనుకుంటే, ఆ మాట నా మొహం మీద చెప్పండి," అన్నాను.

ఆయన చారు ఇంకాస్త వెయ్యమన్నారు. తర్వాత, "పైపు ఎప్పుడు వేస్తారు?" అన్నారు.

మర్నాడు మామయ్యగారి డాక్టరుకు, ఆయన పక్కనే కూర్చుని, లేవబుద్ధి కాలేదన్న మాట నేనే చెప్పాను. ఆయన అడ్డు చెప్పలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నానని కూడా చెప్పాను. రాసుకో, నేను మాత్రం చదవను అన్నారు.

కంపెనీ వాళ్ళు చెప్పిన రోజు దాటి రెండు రోజులకు వచ్చారు. ఇద్దరు మనుషులు. గోడలోకి పోయిన పైపు చూసి పెద్దతను ఇది ఎవరు చేశారని అడిగాడు. మా వాళ్ళే అన్నాను. ఆ పైపంతా ఊడదీసి బయట పడేశారు. సీలింగు మీద పెన్సిల్ గుండ్రం నేను చూపించాను. అతను దాని మీద తట్టి, అటిక్‌లోకి ఎక్కి చూసి వచ్చి, అది పనికిరాదన్నాడు. గుండ్రంలో సగం అడ్డదూలం మీద పడిందట, పైపుకూ చెక్కకూ మధ్య ఖాళీ ఉండాలి కాబట్టి పక్కకు జరపాలట. మా ఆయన తూకపు గుండు సరిగ్గానే వదిలాడు. పైన దూలం ఎక్కడుందో ఇంకా చూసుకోలేదు. మధ్యాహ్నం చూసుకునేవాడేమో. హీటర్‌నే కాస్త పక్కకు జరిపి వేలాడదీశారు. కొత్త గుండ్రం మార్కర్‌తో గీశారు. పాతదాంట్లో ఒక ముక్క కొత్తదాంట్లో కలిసి తెగిపోయింది. మిగిలింది సీలింగు మీద ఉండిపోయింది. రంగు వేసి కప్పెయ్యమంటారా అని అడిగితే ఉంచమన్నాను.

కప్పు కోస్తుండగా బావగారి కారు వచ్చి వీధిలో ఆగింది. ఆయన డ్రైవ్‌వేలో నిలబడి పైకి చూశారు. ఒకతను కప్పు మీద మోకాళ్ళ మీద కూర్చుని రంపం నడుపుతున్నాడు. ఇంకొకతను నిచ్చెన మీద, కప్పు మీది పెంకుల కింద నీళ్ళు దిగకుండా దూర్చే రేకు పట్టుకుని ఉన్నాడు.

"ఆపించమ్మాయ్. ఇప్పటికే ఒకసారి జరిగింది చాలు," అన్నారు బావగారు.

నేను మాట్లాడేలోపు మామయ్యగారు కుర్చీలోంచి లేచి వచ్చారు. మంకీ క్యాపు సరిచేసుకున్నారు. పెద్ద కొడుకును తల నుంచి కాళ్ళ దాకా చూశారు.

"ఊరికే నుంచున్నావు కదా. ఆ నిచ్చెన పట్టుకో," అన్నారు.

"నాన్నగారూ..."

"నేలంతా తడిగా ఉంది, జారుతుంది. పట్టుకో."

బావగారు వెళ్ళి పట్టుకున్నారు. మొహం అటు తిప్పుకుని, కప్పు వైపు చూడకుండా, పని అయ్యేదాకా పట్టుకున్నారు. ఆయన పెదవులు కదుపుతూ ఏదో మంత్రం చదువుకోవడం చూశాను. ఆయనకు నిజంగానే భయం అని అప్పుడు తెలిసింది. భయమే కావచ్చు, అయినా నేను క్షమించలేదు. తమ్ముడి కోసం ఏడవవలసిన మనిషి ఏడవకుండా ఇంట్లో కన్నాలు ఎక్కడ ఉండాలో చూసుకుంటూ తిరిగాడు. ఆ తర్వాత వాళ్ళింటికి నేను వెళ్ళలేదు. ఆయన వస్తే కాఫీ ఇస్తాను.

పైపు దించకముందు కాసేపు సీలింగు కన్నంలోంచి ఆకాశం కనిపించింది. మబ్బుగా ఉంది. దాని కింద నిలబడి ఎవరూ ఏమీ అనుకోలేదు, కనీసం నేను అనుకోలేదు. పైపు ముక్కలు ఒకదానిలో ఒకటి బిగిస్తూ నిటారుగా పైకి తీసుకుపోయారు. పైన మూత పెట్టారు. గోడకున్న కన్నం మూసేశారు. ఆ వారంలోనే కౌంటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి, చూసి, సంతకం పెట్టి వెళ్ళాడు.

హీటర్ వెలిగించే ముందు మామయ్యగారికి ఒక షరతు పెట్టాను. పొద్దున గరాజ్‌లోకి వెళ్ళగానే, కుర్చీలో కూర్చోకముందు, అలారం మీది టెస్ట్ బటన్ నొక్కాలి. ఆ కూత నాకు వంటింట్లో వినపడాలి. వినపడకపోతే హీటర్ తీయించేస్తానన్నాను. ఆయన జీవితమంతా ఆపరేషన్ థియేటర్లలో ఇతరులకు చెప్పిన మనిషి, ఎవరూ ఆయనకు ఇలా చెప్పి ఉండరు. సరే అన్నారు.

రోజూ నొక్కుతున్నారు. ఘోరమైన కూత అది, పళ్ళు జివ్వుమంటాయి. దాన్ని విన్న ప్రతిసారీ నాకు ఆ ఆదివారం గుర్తొస్తుంది, కోపం వస్తుంది, కాఫీ గిన్నె కడుగుతూ ఉంటాను. మొన్న కూత ఆగాక తలుపు కొద్దిగా తెరుచుకుంది.

"వినపడిందా?" అన్నారు లోపలి నుంచి.

"వినపడింది," అన్నాను.

తలుపు మూసుకుంది. కుర్చీ లాక్కున్న చప్పుడు, తర్వాత పేపరు విప్పిన చప్పుడు వచ్చాయి.